గుండెకు ఆసరా మిషన్లు: సంతకం పెట్టే ముందు

2023 జనవరి 27న కుప్పంలో ఒక పాదయాత్రలో నడుస్తున్న సినీనటుడు నందమూరి తారకరత్న గారు ఉన్నట్టుండి కుప్పకూలిపోయారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు కూడా నిండలేదు. ఆగిన గుండెను మళ్ళీ ఆడించడానికి దగ్గరి ఆసుపత్రిలో ముప్పావు గంట శ్రమపడ్డారు. ఆ అర్ధరాత్రే రోడ్డు మీదుగా బెంగళూరు నారాయణ హృదయాలయకు తీసుకెళ్ళారు. గుండెపోటు తర్వాత షాక్ వచ్చిందని, బెలూన్ పంపు పెట్టి, బీపీ నిలబెట్టే మందులు ఎక్కిస్తున్నామని ఆ ఆసుపత్రి బులెటిన్ ఇచ్చింది. ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు.

ఆ మూడు వారాలు మన ఇళ్ళల్లో టీవీ ముందు కూర్చున్న వాళ్ళందరి చెవిన రెండు మాటలు పడ్డాయి. ఒకటి బెలూన్ పంపు, రెండోది ఎక్మో. కొన్ని చానెళ్ళు ఎక్మో పెట్టారన్నాయి, ఆసుపత్రి వాళ్ళు పెట్టలేదన్నారు. ఏది ఏమిటో విడమరిచి చెప్పినవాళ్ళు తక్కువ.

ఇప్పుడు ఆ మాటలు సినిమావాళ్ళ కోసమే కాదు. నాందేడ్ డాక్టర్ లేన్‌లోనో, హైదరాబాద్‌లోనో ఐసీయూ తలుపు సగం తెరుచుకుంటది. "పేషెంట్ షాక్‌లో ఉన్నడు, మిషన్ పెట్టాల్సి రావచ్చు, ఇక్కడ సంతకం చేయండి" అని ఒక కాగితం చేతికొస్తది. బయట నిలబడ్డ కొడుకు తల్లి మొహం చూస్తడు, తల్లి మెడలోని బంగారం తడుముకుంటది. "పెట్టకపోతే బాపును మనమే చంపుకున్నట్టేనా?" అన్న ప్రశ్న ఎవరూ పైకి అనరు, కానీ అందరి కడుపులో అదే తిరుగుతుంటది. ఈ వ్యాసం ఆ కాగితం పట్టుకుని నిలబడేవాళ్ళ కోసం.

షాక్ అంటే ఏ షాక్?

మనం షాక్ అంటే కరెంటు షాక్ అనుకుంటాం, లేకపోతే చెడ్డ వార్త విన్నప్పుడు కలిగేది అనుకుంటాం. డాక్టర్లు అనే షాక్ వేరు. ఒళ్ళంతా సరిపడా రక్తం అందకపోవడాన్ని వాళ్ళు షాక్ అంటారు. గుండె చేతగాక అట్లా జరిగితే అది గుండె షాక్.

కూర్చున్న మనిషి గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తం తోస్తుంది. గుండెకు కూడా రక్తం కావాలి గదా, అది సన్నని నాళాల్లోంచి అందుతుంది. ఆ నాళంలో గడ్డ అడ్డం పడితే గుండెపోటు. అవతలి కండరం గంట గంటకూ చచ్చిపోతూ ఉంటుంది. ఎడమ గది కండరంలో సుమారు 40 శాతం పనికిరాకుండా పోయిందంటే, మిగిలినది ఎంత కష్టపడ్డా రక్తాన్ని ముందుకు తోయలేదు. బీపీ పై నంబరు 90 కంటే కిందికి దిగి అక్కడే ఉండిపోతుంది. చేతులు, కాళ్ళు చల్లబడతాయి, ఒంటిమీద చెమట జిగటగా పడుతుంది, మూత్రం తగ్గుతుంది. మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు, లేదా మగతగా ఉంటాడు.

గుండెపోటు వచ్చిన ప్రతి 100 మందిలో 5 నుంచి 10 మంది ఈ స్థితికి వస్తారు. వచ్చిన వాళ్ళలో, మంచి ఆసుపత్రిలో ఉన్నా కూడా, సగానికి కాస్త అటూ ఇటూగా చనిపోతారు. ఈ లెక్క దాచిపెట్టి మిషన్ల గురించి మాట్లాడడం మోసం.

ఇందులో ఒక విషచక్రం ఉంది. మన ఉస్మాన్‌షాహీ మిల్లు లాంటి చోట బాయిలర్ దగ్గర పనిచేసిన పెద్దలకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. బాయిలర్‌కు నీళ్ళు తోసే పంపు ఆ బాయిలర్ ఆవిరితోనే నడుస్తున్నదనుకోండి. ఆవిరి తగ్గితే పంపు మందగిస్తుంది. పంపు మందగిస్తే బాయిలర్‌కు నీళ్ళు తక్కువ పడతాయి. అప్పుడు ఆవిరి ఇంకా తగ్గుతుంది. గుండె షాక్ అచ్చం ఇంతే. బీపీ పడిపోతే గుండె నాళాల్లోకి పోయే రక్తం తగ్గుతుంది, దాంతో గుండె ఇంకా బలహీనపడుతుంది, బీపీ ఇంకా పడుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. మిషన్లు పుట్టింది అందుకే.

ఇక్కడే ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది మన బస్తీల్లో రోజూ జరిగేది. ఛాతీ నొప్పి అనగానే పక్కింటి వాళ్ళ దగ్గర అడిగి సార్బిట్రేట్ గోలీ నాలుక కింద పెడతారు. అది రక్తనాళాలను వదులు చేసి బీపీని దించే మందు. చెమటలు పట్టి, చేతులు చల్లబడి, నాడి సన్నగా ఉన్న మనిషికి అది పెడితే ఉన్న కాస్త బీపీ కూడా దిగిపోవచ్చు. డాక్టర్ చెప్పకుండా ఆ గోలీ పెట్టొద్దు.

తొడలోంచి వెళ్ళే బెలూన్

మిషన్లలో అన్నిటికంటే పాతది, చవకైనది, ఎక్కువ చోట్ల దొరికేది బెలూన్ పంపు. అమెరికాలో ఏడ్రియన్ కాంట్రోవిట్జ్ అనే సర్జన్, ఆయన అన్న, భౌతికశాస్త్రవేత్త ఆర్థర్, ఇద్దరూ కలిసి దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. 1967లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో గుండెపోటుతో షాక్‌లో ఉన్న 45 ఏళ్ళ స్త్రీకి మొదటిసారి పెట్టారు. కొన్ని గంటలు నడిపి తీసేశారు, ఆమె బతికి ఇంటికి వెళ్ళింది.

ఇది పనిచేసే తీరు చాలా తెలివైనది. తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టం పైకి పంపిస్తారు. దాని కొసన జానెడు పైన పొడవుండే బెలూన్ ఉంటుంది. అది గుండెలోకి పోదు. గుండె నుంచి కిందికి దిగే పెద్ద ధమనిలో ఆగుతుంది. బయట ఉన్న మిషన్ ఈసీజీ గీతను చూస్తూ గుండె దెబ్బకు దెబ్బకు మధ్య ఆ బెలూన్‌ను ఉబ్బిస్తుంది, గుండె మళ్ళీ కొట్టే ముందు టక్కున దించేస్తుంది. ఉబ్బినప్పుడు ధమనిలోని రక్తం వెనక్కి నెట్టబడి గుండె నాళాల్లోకి పోతుంది. గుండె తన రక్తం తాను తీసుకునేది ముఖ్యంగా ఆ విరామంలోనే కదా. దించినప్పుడు ముందున్న అడ్డు తగ్గి, గుండెకు తోయడం తేలికవుతుంది. మగ్గం మీద పడుగు తెరుచుకున్నప్పుడే నాడె ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పోయి, ఆ తర్వాత పడుగు మూసుకున్నట్టు, అంతా సమయం మీద ఆధారపడిన పని. లోపల నింపేది గాలి కాదు, హీలియం. తేలికైన వాయువు కాబట్టి సన్నని గొట్టంలో చటుక్కున వచ్చిపోతుంది.

ఇంత తెలివైనది, ఇన్నేళ్ళు ప్రపంచమంతా వాడింది. కాబట్టి ప్రాణాలు కాపాడే ఉంటుందని అందరూ అనుకున్నారు. జర్మనీ డాక్టర్లు లెక్క తేల్చుదామని 600 మంది షాక్ పేషెంట్లను తీసుకున్నారు. చీటీ వేసినట్టు సగం మందికి బెలూన్ పెట్టారు, సగం మందికి పెట్టలేదు. మూసుకుపోయిన నాళాన్ని తెరవడం, మందులు ఇవ్వడం మాత్రం ఇద్దరికీ ఒకటే. ఫలితం 2012లో బయటికొచ్చింది. నెల రోజుల్లో చనిపోయినవాళ్ళు బెలూన్ పెట్టినవాళ్ళలో 100కి 40 మంది, పెట్టనివాళ్ళలో 41 మంది. అంటే తేడా లేదు. ఆ తర్వాత యూరప్ వైద్య సంఘాలు షాక్ వచ్చిన ప్రతివాళ్ళకూ అలవాటుగా బెలూన్ పెట్టొద్దని రాశాయి. గుండెపోటుతో లోపలి కవాటం తెగినా, గోడకు రంధ్రం పడినా ఆపరేషన్ దాకా నిలబెట్టడానికి దాన్ని ఇప్పటికీ వాడతారు.

మన వాళ్ళలో ఒక కోపం ఉంటుంది. "విష్ణుపురి సర్కారీ దవాఖానలో మిషన్ పెట్టలే, అందుకే పోయిండు, ప్రైవేటుకు పోతే బతికెటోడు" అని. పైసలు లేక తండ్రిని సర్కారీ దవాఖానలో చేర్చిన కొడుకు జీవితాంతం ఆ మాట మోస్తుంటాడు. బెలూన్ పెట్టలేదన్న ఒక్క కారణానికి ఆ బరువు మోయనక్కర్లేదు. 2012 లెక్క అదే చెబుతోంది.

మరి తేడా తెచ్చేది ఏది?

నాళం తెరవడం. 1999లో అమెరికా డాక్టర్ జూడిత్ హాక్‌మన్ బృందం బయటపెట్టిన లెక్క ఇది. షాక్‌లో ఉన్నవాళ్ళకు వెంటనే యాంజియోప్లాస్టీ గానీ బైపాస్ గానీ చేస్తే, ముందు మందులతో నిలబెట్టి చూద్దామన్న వాళ్ళకంటే ఆరు నెలల తర్వాత 100కి 13 మంది ఎక్కువగా బతికి ఉన్నారు. మిషన్ గుండెకు ఆసరా ఇస్తుంది, గడ్డను తీయదు. గడ్డ అక్కడే ఉండగా ఏ మిషన్ పెట్టినా అది చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే.

అందుకని ఐసీయూ బయట మొదటి ప్రశ్న "మిషన్ ఉందా" అని కాదు. "డాక్టర్ సాబ్, నాళం తెరిచిండ్రా? తెరవకపోతే ఎప్పుడు, ఎక్కడ తెరుస్తరు?" అని అడగాలి. ఇట్లా అడిగితే డాక్టర్ ఏమనుకుంటాడో అని జంకొద్దు. మంచి డాక్టర్‌కు ఈ ప్రశ్న వినగానే ఎదుటివాళ్ళకు విషయం తెలుసని అర్థమవుతుంది.

పెద్ద మిషన్లు: ఇంపెల్లా, ఎక్మో

బెలూన్ గుండెకు పక్కనుంచి సాయం చేస్తుంది. ఇంపెల్లా గుండెలోపలికే పోయి పని అందుకుంటుంది. ఇది కూడా తొడ ధమనిలోంచే పోతుంది. పెన్సిల్ కంటే సన్నని పంపు అది. ఎడమ గదిలో రక్తం పీల్చి పైన పెద్ద ధమనిలో వదులుతుంది. నిమిషానికి మూడు లీటర్ల పైన తోడగలదు, తిరిగే వేగం నిమిషానికి 40,000 చుట్లు దాటుతుంది.

దీనికి ముందు తరం పంపు పుట్టిన కథ విచిత్రం. రిచర్డ్ వాంప్లర్ అనే అమెరికా డాక్టర్ 1976లో ఈజిప్టు వెళ్ళినప్పుడు అక్కడి పల్లెజనం మరలాంటి గొట్టాన్ని చేత్తో తిప్పుతూ నీళ్ళు గట్టు మీదికి తోడుకోవడం చూశాడు. ఇదే మరను చిన్నగా చేసి రక్తనాళంలో తిప్పితే? అన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1988లో అది మొదటిసారి మనిషి గుండెలో తిరిగింది. నీళ్ళు తోడుకునే రైతుల దగ్గర ఒక డాక్టర్ నేర్చుకున్న పాఠం అది.

ఇంపెల్లా మీద చాలా ఏళ్ళు సరైన లెక్క లేదు. డెన్మార్క్, జర్మనీ, బ్రిటన్ డాక్టర్లు పదేళ్ళు ఓపిగ్గా 360 మందిని పోగుచేసి 2024లో ఫలితం చెప్పారు. ఆరు నెలలకు చనిపోయినవాళ్ళు మిషన్ లేనివాళ్ళలో 100కి 58 మంది, ఉన్నవాళ్ళలో 46 మంది. గుండె షాక్‌లో ఒక మిషన్ ప్రాణం నిలబెట్టినట్టు ఇంత గట్టి పరీక్షలో తేలడం ఇదే మొదలు. ఎనిమిది మందికి పెడితే ఒక ప్రాణం అదనంగా దక్కుతుందన్న మాట.

అయితే ఆ లెక్కకు అవతలి పుట కూడా చదవాలి. ఎక్కువ రక్తం పోవడం, కాలికి రక్తం అందకపోవడం లాంటి పెద్ద తకలీఫ్‌లు మిషన్ పెట్టినవాళ్ళలో 100కి 24 మందికి వచ్చాయి, పెట్టనివాళ్ళలో 6 మందికే. కిడ్నీకి డయాలసిస్ అవసరపడినవాళ్ళు కూడా ఎక్కువే. ఇంకో ముఖ్యమైన సంగతి, గుండె ఆగి తిరిగి కొట్టుకున్నాక స్పృహ రాని వాళ్ళను ఆ పరీక్షలో చేర్చుకోలేదు. గుండె ఆగినప్పుడు మెదడుకు రక్తం అందని నిమిషాల్లో జరిగిన నష్టాన్ని ఏ పంపూ వెనక్కి తేలేదు. కాబట్టి స్పృహ లేని మనిషికి ఇంపెల్లా పెడదామంటే ఆ "ఎనిమిదికి ఒకటి" లెక్క వర్తించదని గుర్తుంచుకోవాలి. వీటన్నిటిలో ఖరీదైన మిషన్ కూడా ఇదే. ఒకసారి ఒక మనిషికి వాడిన పంపు ఇంకొకరికి పనికిరాదు. ఖర్చు లక్షల్లో ఉంటుంది.

ఎక్మో ఇంకో రకం. పెద్ద సిరలోంచి రక్తం బయటికి లాగి, ప్రాణవాయువు కలిపి, మళ్ళీ ధమనిలోకి తోస్తుంది. గుండె, ఊపిరితిత్తుల పని రెండూ బయటే జరుగుతాయి. 2020లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికి పెట్టినది ఎక్మోనే, కానీ అది కోవిడ్‌తో ఊపిరితిత్తులు దెబ్బతిన్నందుకు. గుండె షాక్ వేరు. జర్మనీ, స్లోవేనియా ఆసుపత్రుల్లో 420 మంది గుండెపోటు షాక్ పేషెంట్ల మీద చేసిన పరీక్ష 2023లో వచ్చింది. నెలకు చనిపోయినవాళ్ళు ఎక్మో పెట్టినవాళ్ళలో 100కి 48, పెట్టనివాళ్ళలో 49. రక్తం పోవడం మాత్రం రెండింతలు దాటింది. ఎక్మో రక్తాన్ని ధమనిలోకి ఎదురు తోస్తుంది కాబట్టి బలహీనమైన గుండెకు అది కొత్త బరువు కూడా. కొందరికి, ముఖ్యంగా చిన్న వయసు వాళ్ళకు, ఇంకే దారీ లేనప్పుడు డాక్టర్లు వాడతారు, అందులో తప్పేం లేదు. కానీ "పెద్ద మిషన్ పెట్టినం, ఇక భయం లేదు" అని ఎవరైనా అంటే నమ్మొద్దు.

ఏ మిషన్ పెట్టినా రోజూ రెండు సంగతులు అడగండి. గొట్టం పెట్టిన కాలు వెచ్చగా ఉందా, వేళ్ళు కదులుతున్నయా? మిషన్ ఎప్పుడు తగ్గిస్తరు, ఏం చూసి తగ్గిస్తరు? మిషన్ ఒక వంతెన లాంటిది. అవతలి ఒడ్డు ఏదో డాక్టర్ చెప్పగలగాలి. గుండె కోలుకోవడమా, ఆపరేషనా, ఇంకేదైనానా? అవతలి ఒడ్డే లేదని డాక్టర్లు తేల్చి చెప్పినప్పుడు, వద్దని సంతకం పెట్టిన కొడుకు తండ్రికి ద్రోహం చేసినట్టు కాదు. ఈ మాట చుట్టాలు కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే కర్మకాండ రోజు సూటిపోటి మాటలనేది వాళ్ళే.

దెగ్లూర్ రోడ్డు మీద అయిదు గంటలు

మనవాళ్ళకు ప్రాణం మీదికి వస్తే హైదరాబాదే గుర్తొస్తుంది. చుట్టాలు అక్కడ, భాష అక్కడ, నమ్మకం అక్కడ. కానీ దెగ్లూర్, మద్నూర్, పిట్లం, జోగిపేట, సంగారెడ్డి దాటి పోవాలంటే 270 కిలోమీటర్ల పైచిలుకు. అంబులెన్స్‌లో అయినా దాదాపు అయిదు గంటలు. గుండె కండరం అన్ని గంటలు ఆగదు. రెండు గంటల లోపల యాంజియోప్లాస్టీ చేసే చోటికి చేరలేమనుకుంటే ముందు గడ్డ కరిగించే సూది వేయడం పద్ధతి. నాందేడ్‌లోనే యాంజియోప్లాస్టీ చేసే చోట్లు ఉన్నాయి. ముందు ఇక్కడ నాళం తెరిపించి, ఆ తర్వాత అవసరమైతే హైదరాబాద్ అనుకోవడం మేలు. షాక్‌లోకి జారిన మనిషిని మామూలు కారులో వెనక సీట్లో పడుకోబెట్టి బయలుదేరితే, దారిలో బీపీ పడితే ఎక్కించడానికి మందూ ఉండదు, మనిషీ ఉండడు.

ఛాతీ బరువుగా ఉంది, ఎడమ చేయి లాగుతోంది, చెమట పట్టిందంటే గ్యాస్ అని సోడా తాగించి పొద్దుటి దాకా చూడొద్దు. మోటార్‌సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టొద్దు. 108కి ఫోన్ చేయండి. మన దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు వచ్చే నడి వయసు 53, మిగతా దేశాల వాళ్ళకు 58 దాటాక. ఈ లెక్క 52 దేశాల్లో చూసి చెప్పారు. బీడీ, తంబాకు ఉన్నచోట ఇంకా ముందే.

పైసల సంగతి. హైదరాబాద్ పోతే ఆరోగ్యశ్రీ ఉంటదని చాలామంది అనుకుంటారు. అది తెలంగాణ వాళ్ళకే. మన రేషన్ కార్డు మహారాష్ట్రది, కాబట్టి మనకు వర్తించేది మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన. ఇప్పుడు కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఉంది, యాంజియోప్లాస్టీ అందులో వస్తుంది. ఆయుష్మాన్ కార్డు ఉన్నవాళ్ళకు వేరే రాష్ట్రంలో కూడా ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో నడుస్తుంది, కానీ అంబులెన్స్ ఎక్కే ముందే ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి అడగాలి. పథకం ఉన్న ప్రతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒక మనిషి కూర్చుంటారు. స్టెంట్‌కు ఎంత, మిషన్‌కు ఎంత, ఏది పథకంలో వస్తది, ఏది మన చేతి నుంచి పోతది అని వాళ్ళనడిగి కాగితం మీద రాయించుకోండి. ఫులే యోజన ఫోన్ నంబరు 155388, ఆయుష్మాన్‌ది 14555. రేషన్ కార్డు, ఆధార్, పాత ఈసీజీ కాగితాలు, రోజూ వేసుకునే గోలీల పేర్లు రాసిన చీటీ ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.